మీటల కింద కుంకుమ

మొన్నొక ఆదివారం ఇడుపులపాయలో చదువుకునే ఇంజినీరింగు పిల్లలు కొందరు ప్రొద్దుటూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. పాత కంప్యూటరు కీబోర్డులు ఏరి తెచ్చి బాగుచేసి దాచుకునే ముసలాయన ఒకడున్నాడని ఎవరో చెప్పారట. చెప్పులు విడిచీ విడవకముందే ఫోను నా మొహం ముందు పెట్టి, "అంకుల్, మీ జర్నీ గురించి చెప్పండి" అన్నారు. నా జర్నీ ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు, అక్కడి నుంచి ముద్దనూరు మీదుగా పులివెందులకు. ఎర్రబస్సులో, సీటు దొరికితే కూర్చుని, దొరక్కపోతే కమ్మీ పట్టుకుని. అంతకు మించిన జర్నీ నా బతుకులో లేదు. ఆ మాట చెప్పగానే ఫోను జేబులో పెట్టుకున్నారు.

"మరి మీ ప్యాషన్ ఎలా మొదలైంది అంకుల్?" అని ఇంకొకడు అడిగాడు. మా ఊళ్లో ఒకరు పారేసిన వస్తువును ఇంకొకరు ఇంటికి మోసుకొస్తే దానికి ప్యాషన్ అని పేరు లేదు. తిక్క అనే పేరుంది. మా ఆవిడ సరోజ పెళ్లయినప్పటి నుంచి ఆ మాటే వాడుతోంది, ఇంతవరకూ మార్చాల్సిన అవసరం ఆమెకు రాలేదు.

అయినా పిల్లలు పాపం ఉత్సాహంగా వచ్చారు. వాళ్లకూ ఈ తిక్క పట్టేట్టుంది. పట్టకముందే కొన్ని సంగతులు తెలియడం మంచిదని ఇది రాస్తున్నాను. ఎక్కడ చేరాను, ఎప్పుడు జీతం పెరిగింది అనేవి రాయను. పెరిగి ఉంటే రాసేవాడిని.

వోల్టేజీ

నేను చేసింది కంప్యూటరు సర్వీసు షాపులో మెకానిక్ పని. విజిటింగు కార్డు మీద మాత్రం ఇంజినీరు. మూడు ఊళ్ల ఆఫీసులూ, డీటీపీ అంగళ్లూ నా కిందికి వచ్చేవి. స్క్రీను చచ్చిపోతే ఆఫీసరు కుర్చీలోంచి లేచి నిలబడతాడు. కీబోర్డు చచ్చిపోతే అటెండరు దాన్ని వైరు పట్టుకుని, చచ్చిన ఎలుకను తోకతో పట్టుకుని తెచ్చినట్టు తెచ్చేవాడు. దానికి ఉన్న మర్యాద అంతే. ఎవరికీ పట్టనిది కాబట్టి నాకు పట్టింది.

మా షాపు ఓనరు ఓబుళరెడ్డి. స్క్రూడ్రైవరు ఏ కొసన పట్టుకోవాలో ఆయనకు తెలుసని నేను ప్రమాణం చేయలేను. మాట మాత్రం తెలుసు. చేరిన కొత్తలో నన్ను పిలిచి పరీక్ష పెట్టాడు.

"కీబోర్డు ఎట్ల చెడిపోయింది అని ఆఫీసరు అడిగితే ఏం చెప్తావు?"

"టీ పోసినారు సార్ అని చెప్తా."

"అంటే ఆయప్పే చెడిపినాడని ఆయప్పకే చెప్తావు. రేపు మళ్లా మన అంగడికి వస్తాడా?"

"మరి ఏమని చెప్పల్ల సార్?"

"వోల్టేజీ అని చెప్పు. వోల్టేజీకి నోరు ల్యా, కోపం ల్యా. ఎవరేం తిట్టినా పడుంటాది."

అప్పటి నుంచి నేను అన్నిటికీ వోల్టేజీ అనే చెప్పాను. టీ పడితే వోల్టేజీ. చీమలు గూడు పెడితే వోల్టేజీ. ఫైలు మీద కోపంతో గుద్దితే అది హైవోల్టేజీ. అందరూ తృప్తిగా తలూపేవాళ్లు. తరవాతి నెల అదే టీ, అదే చోట, అదే కీబోర్డులో పడేది. ఓబుళరెడ్డి లెక్కలో ఇది వ్యాపారం. ఆయన నాకు మాట్లాడటం నేర్పించాడు, కాదనను. కానీ రోగం పేరు అబద్ధం చెప్పి మందు మాత్రం నిజమైనది ఇస్తే రోగి బతికినా రోగం పోదు. ఇది తెలుసుకోవడానికి నాకు సగం ఉద్యోగం పట్టింది.

బంగారం లేదు నాయనా

పాత కీబోర్డు అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఇప్పటివాటిలో మీటలన్నిటి కింద ఒకే రబ్బరు పరుపు ఉంటుంది. నొక్కితే చల్లారిన ఇడ్లీని నొక్కినట్టుంటుంది. పాతవాటిలో ప్రతి మీటకూ సొంతంగా ఒక స్ప్రింగు. నొక్కగానే టక్ మంటుంది. అక్షరం పడిందని కంటితో చూడనక్కర్లేదు, వేలికే తెలుస్తుంది. కింద ఇనుప రేకు, పైన మందమైన డొప్ప, మొత్తం కలిపి ఒక చంటిబిడ్డ బరువు. ఇవి ఎంతకీ చెడిపోవడం లేదని గమనించి కంపెనీలవాళ్లు చేయడం మానేశారు. చెడిపోని సరుకు అమ్మితే వాళ్లు మాత్రం ఏం తిని బతుకుతారు.

ఆఫీసుల్లో కొత్తవి రాగానే ఇవి గోడౌనుకు, అక్కడి నుంచి గుజిరీ అంగడికి, అంటే పాత ఇనుము కొనేచోటికి పోయేవి. నేను వెనకాలే పోయేవాడిని. ప్రొద్దుటూరు బంగారం వ్యాపారం ఊరు. ఇక్కడ ఒక మనిషి పాత వస్తువును చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మురిశాడంటే దానికి ఒక్కటే అర్థం. మా వీధిలో బంగారం పనిచేసే ఆచారి ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "ఎంత దిగుతాండాది మామా, నాకన్నా చెప్పు" అని అడిగాడు. ఏమీ దిగదు అన్నాను. నిజం చెప్పనందుకు ఆయన నాతో మాట్లాడటం మానేశాడు.

ఈ పుకారు నాకంటే ముందు బస్సెక్కి పులివెందుల చేరింది. అక్కడొక గుజిరీ అంగట్లో మంచి రకం కీబోర్డులు కుప్పగా పడి ఉన్నాయి. నేను చేసిన తప్పు, వాటిని చూసి నవ్వడం. అంగడాయన నా మొహం చూశాడు, కుప్పను చూశాడు, "ఈ పొద్దు అమ్మేది ల్యాప్పా, రేపు రా" అన్నాడు. మరుసటి రోజు పోతే సుత్తితో ఒక్కోదాన్నీ బద్దలు కొట్టి, స్ప్రింగులూ మీటలూ నేల మీద పరిచి కూర్చుని ఉన్నాడు. ఒళ్లంతా చెమట.

"యాడుండాదప్పా బంగారం?" అని నన్నే అడిగాడు.

"ఇప్పుడు పగలగొట్టినావే, అదే" అన్నాను.

కొండను తవ్వి ఎలుకను పట్టినవాడికి ఎలుకైనా దొరికింది. ఆయనకు అదీ లేదు. పిల్లలూ, మీకు కావలసిన వస్తువు కనబడితే మొహం పంటినొప్పి వచ్చినవాడి మొహంలా పెట్టుకోండి. ఈ విద్యలో అది మొదటి పాఠం, ఏ వీడియోలోనూ చెప్పరు.

పళ్లెంలాగా ఉంది కదా అని

మీట పెరికితే కింద ఏముంటుందని మీరు ఎప్పుడైనా చూశారా? బుడ్డల పొట్టు, అంటే వేరుశెనగ పొట్టు, వక్కపొడి, గోళ్లు, బొరుగులు. ఒక మనిషి నిజంగా ఎంత పనిచేశాడో పై ఆఫీసరుకు తెలియకపోవచ్చు, కీబోర్డు దులిపినవాడికి తెలుస్తుంది. వీటితో పేచీ లేదు. దులిపితే పోతాయి.

పేచీ అంతా దసరాతో. ఆయుధపూజ నాడు మా వైపు లారీకీ, కుట్టుమిషనుకూ, తక్కెడకూ, కత్తెరకూ బొట్టు పెడతారు. కంప్యూటరు వచ్చాక దానికీ పెట్టారు. అన్నం పెట్టేదానికి దండం పెట్టవలసిందే, నేను కాదనను. అయితే లారీకి పెట్టిన బొట్టు వానకు పోతుంది. కీబోర్డుకు పెట్టిన బొట్టు లోపలికి పోతుంది. స్క్రీను నిలువుగా ఉంటుంది కాబట్టి దానికి ఒక్క బొట్టుతో సరి. కీబోర్డు పళ్లెంలాగా వెడల్పుగా దొరికింది కదా అని పసుపు, కుంకుమ, అక్షింతలు, చామంతి రేకులు అన్నీ దాని మీదే. ఒక ఆఫీసులో కర్పూరం కూడా పొడుగు మీట మీదే వెలిగించారు. వీలుగా ఉందట. దసరా వెళ్లిన వారమే మా షాపుకు అసలైన దసరా. ఓబుళరెడ్డి ఆ వారం కొత్త పంచె కట్టుకుని కూర్చునేవాడు.

ఖైరూన్‌బీ కీబోర్డు

ఈ పని ఏమిటో నాకు అర్థమైంది మాత్రం ఒక్కచోట. అది జమ్మలమడుగులో.

కోర్టు దగ్గర వరసగా చిన్న అంగళ్లున్నాయి. వాటిలో ఒకటి ఖైరూన్‌బీది. టైపు ఇన్‌స్టిట్యూటులో నేర్చుకుని, అక్కడే నేర్పించి, టైపు మిషన్లు పోయాక కంప్యూటరుకు మారిన మనిషి. భర్త కువైట్ పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఈమె ఇద్దరు కొడుకులను అగ్రిమెంట్లూ అఫిడవిట్లూ కొట్టి పెంచింది. స్క్రీను వైపు చూడదు, మీటల వైపు చూడదు. ఎదురుగా కూర్చున్న వాళ్ల కోడళ్ల సంగతులు అడుగుతూ కొడుతుంది. కాగితం బయటికి వస్తే తప్పుండదు. లాయర్లు చదవకుండానే సంతకం పెట్టించేవాళ్లు.

ఆమె కీబోర్డు చూసిన రోజే నా మనసు పోయింది. మొదటి కంప్యూటరుతో బెంగళూరు నుంచి వచ్చింది. డొప్ప మీద ఒక గీత కూడా లేదు. సరిగ్గా అదే రకం మా ఇంట్లో ఒకటుంది, డొప్ప పగిలి, లోపల మాత్రం బంగారంలా ఉంది. ఆమె డొప్పా నా లోపలి సరుకూ కలిపితే ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చినట్టుండే ముక్క ఒకటి తయారవుతుంది. అద్దాల బీరువాలో నడి అర కూడా ఖాళీ చేసి పెట్టుకున్నాను. కొత్త కీబోర్డు ఇస్తాను, ఇది ఇచ్చెయ్యమ్మా అని అడిగాను.

"నా పని అయిపోయిన దినం నీకే ఇస్తా పో అన్నా. అప్పుడు నాకేం నొప్పి" అంది.

ఆ తరవాత జమ్మలమడుగు పోయినప్పుడల్లా ఆమె అంగడికి పోయి ఆరోగ్యం అడిగేవాడిని. కొత్త కంప్యూటరుకు దాని పాత పిన్ను పట్టకపోతే మధ్యలో అతుకు వేసి ఇచ్చింది కూడా నేనే. "నేనింకా గట్టిగానే ఉండాన్లే అన్నా, మళ్లా రా" అని నవ్వేది. ఇక్కడొక నిజం చెప్పాలి. పాత వస్తువులు సేకరించేవాడిని ఇంగ్లీషులో కలెక్టరు అంటారు, వినడానికి గొప్పగా ఉంటుంది. ఇంకొకరి పని ఎప్పుడు ఆగిపోతుందా అని ఎదురుచూసేవాడికి మన భాషలో ఉన్న పేరు రాబందు.

నేను రిటైరయ్యాక, ఒక దసరా వెళ్లిన కొన్నాళ్లకు ఆమె ఫోను చేసింది. "వచ్చి తీసకపో అన్నా. నా పని అయిపోయింది" అంది. నవ్వు లేదు. అయ్యో ఏమైందమ్మా అని నోరు అడుగుతోంది, చెయ్యి అప్పటికే సంచి వెతుకుతోంది.

పోయేసరికి షట్టరు సగం దించి ఉంది. ఆమె కుర్చీలో కాకుండా వచ్చినవాళ్లు కూర్చునే బల్ల మీద కూర్చుని ఉంది.

"చేతులు పోయినాయన్నా" అంది. రెండు చేతులూ ముందుకు చాపి, తనవి కానట్టు చూపించింది. "ఒక అక్షరం కొడితే రెండు పడతాండాయి. ఒకతూరి బాగా పడతాది, ఒకతూరి పడదు. లాయరు ఒక అగ్రిమెంటును మళ్లా మళ్లా తిప్పి పంపినాడు. కండ్లు కనపడవా అని అడిగినాడు. ఇన్నేండ్లలో నన్ను ఆ మాట అన్నోడు యాడా ల్యా."

"డాక్టరుకు చూపించినావా?"

"షుగరు కదన్నా, నరాలు అన్నాడు. మాత్రలు ఇచ్చినాడు. పెద్దోడు గూడా ఇప్పుడు కువైట్లోనే కదా, ఆడి నుంచే ఆర్డరు పెట్టి కొత్త కీబోర్డు పంపినాడు. దాని మీదా తప్పులే పడతాండాయి. ఇంకేం చూడల్ల? రెండిటి మీదా తప్పంటే చేతులదే కదా. సాల్లేమ్మా, ఇంటికాడ కూర్చో అంటాండారు పిల్లోల్లు. కూర్చోని ఏం చేసేదన్నా? నాకు కూర్చునేది యాడొచ్చు?"

ఏడ్చింది. ఏడ్చినందుకు సిగ్గుపడి టీ చెప్పడానికి బయటికి పోయింది.

వైరు పీకే ముందు అలవాటు కొద్దీ ఒక మీట నొక్కాను. రెండు అక్షరాలు పడ్డాయి. మళ్లీ నొక్కాను. అవే రెండు. రెండో అక్షరం ఆ మీట పక్కది కాదు, కీబోర్డు అవతలి కొసన ఉండేది. ఎంత వణికే వేలైనా అంత దూరం జారదు. టీ రాకముందే నాకు సంగతి తెలిసిపోయింది. ఆమె చేతులకు ఏమీ కాలేదు.

టీ వచ్చింది. నేను తాగుతున్నాను. చెప్పలేదు. షుగరు ఉన్న మనిషి, కొడుకులు సంపాదిస్తున్నారు, ఎన్నాళ్లని కష్టపడుతుంది, విశ్రాంతి వద్దా అని ఆలోచిస్తున్నాను. ఎదుటివాళ్ల చేతిలోని వస్తువు మనకు కావలసి వచ్చినప్పుడు వాళ్ల ఆరోగ్యం మీద మనకెంత దయ పుడుతుందో ఆ రోజు చూశాను. అంత దయ నేను మా అమ్మ మీద కూడా చూపించలేదు.

ఆమె నా ఎదురుగా కూర్చుని ఒక్కో వేలునూ నొక్కుకుంటోంది, చెప్పిన మాట వినని పిల్లలను గిల్లినట్టు. "వీటి మీదనే కదన్నా పిల్లోల్లు పెరిగింది" అంది. "ఇప్పుడు సూడు, నా మాట ఇనవు."

టీ గ్లాసు కింద పెట్టేశాను. సంచి మీద కోపం వచ్చింది, నా మీదా వచ్చింది.

"నీ చేతులకేం రోగం ల్యా! కీబోర్డు చెడిపోయింది" అని అరిచినట్టే చెప్పాను.

"నన్ను సముదాయించొద్దులే అన్నా."

"చేతులు కట్టుకోని కూర్చో. నేను కొడతా, చూడు."

ఒక్క వేలితో నొక్కాను. రెండు పడ్డాయి. ఆమె స్క్రీనును చూసింది, నన్ను చూసింది. "నీకూ షుగరుందా అన్నా?" అని అడిగింది.

కీబోర్డు తలకిందులు చేసి బల్ల మీద తట్టాను. ఎర్రటి పొడి రాలింది, వెనకే అక్షింతలు. పక్కంగట్లో జిరాక్సు మిషను పెట్టుకున్న సుంకన్న చప్పుడుకు లోపలికి వచ్చాడు.

"మన వరసలో మిషన్లన్నిటికీ పూజ నేనే చేస్తా మామా" అన్నాడు. "ఏటా ఖైరూనక్కే కీబోర్డు తుడిచి నా చేతికిస్తాది. ఈ తూరి అక్కకు గిరాకీ తగ్గిందని టెంకాయ నీళ్లు గూడా సల్లినా. బాగా జరగల్లని."

తిడదామని తెరిచిన నోరు మూసుకున్నాను. మీటల అడుగున ఉండే పలచటి పొరల మధ్యకు టెంకాయ నీళ్లు దిగి, కుంకుమతో కలిసి, ఎండీ ఎండక జిగురై కూర్చున్నాయి. అందుకే ఒకటి నొక్కితే రెండు. ఇక కొత్త కీబోర్డంటారా, టక్ మనే స్ప్రింగుకు అలవాటైన చేతికి రబ్బరు ఏం చెబుతుంది? ఎవరికైనా తప్పులే పడతాయి. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లను ఊరంతా చూశాను. మద్దెల ఓడైతే తనకే ఆట పోయిందని ఏడ్చిన మనిషిని ఈమెనొక్కదాన్నే చూశాను.

బాగుచేసి తెస్తానని సంచిలో పెట్టుకున్నాను. "నిజంగా తెస్తావా అన్నా?" అని అడిగింది. అనుమానం న్యాయమైనదే, నేను కోపం తెచ్చుకోలేదు.

ఇంటికి తెచ్చి విప్పాను. పొరలను పట్టుకుని ఉండే ప్లాస్టిక్ ముడులు కోసి, రేకు లేపి చూస్తే ఒక పొర జిగురుకు అతుక్కుని, దాని మీది సన్నటి గీతలు ఊడి వచ్చేశాయి. స్పిరిట్‌తో తుడిస్తే మిగిలినవి కూడా వచ్చాయి. ఇక అది బతకదు. అలాంటి పొర ఇంకొకటి ఎక్కడుందో నాకు బాగా తెలుసు. అద్దాల బీరువా తాళం తీశాను.

సరోజ గుమ్మంలో నిలబడి చూసింది. "ఏందయ్యా, బాగుండేదాన్ని చెడిపి చెడిపోయిండేదాన్ని బాగుచేస్తాండావా?"

"అవును."

"ఇప్పుడు పూర్తిగా కుదిరింది తిక్క" అని, కుంకుమ మీటలు నానబెట్టడానికి బియ్యం కడిగే గిన్నె తెచ్చి పెట్టింది.

పిల్లలూ, ఇది మీకోసం. మీటలను కుంకుడు రసంలో నానబెట్టండి, వేడినీళ్లు వద్దు. నీడన ఆరబెట్టండి. స్ప్రింగులను ఒక్కోటిగా తియ్యండి, ఒకటి వంగితే దాని చోట ఇంకోటి వేయండి, సాగదీసి సరిచేసే తెలివి చూపించకండి. కోసిన ముడుల చోట చిన్న మరలు బిగించండి. అన్నిటికంటే ముఖ్యం, అరిగిన మీటలను అందం కోసం మార్చకండి. ఖైరూన్‌బీ మీటల్లో కొన్నిటి మీద అక్షరమే లేదు, నున్నగా గుంటలు పడ్డాయి. నా దగ్గర కొత్తగా మెరిసే మీటలున్నాయి. మార్చాలని చెయ్యి పోయింది కూడా. ఆ గుంటలు ఆమె వేళ్లకు తెలుసు కాబట్టి ఊరుకున్నాను.

జమ్మలమడుగు తీసుకుపోయి వైరు తగిలించాను. సుంకన్న జిరాక్సు వదిలేసి వచ్చి నిలబడ్డాడు. అగ్రిమెంటు తిప్పి పంపిన లాయరు గుమస్తా కూడా ఏదో పనున్నట్టు వచ్చాడు. ఆమె మాత్రం చేతులు కొంగులో దాచుకుని కూర్చుంది.

"కొట్టమ్మా" అన్నాను.

"మళ్లా రెండు పడితే అన్నా?"

"పడితే నీ చేతులదే తప్పని నేనే రాసిస్తా. కొట్టు."

ఒక్క వేలు బయటికి తీసింది. టక్. ఒక్కటే అక్షరం. ఇంకోటి. ఒక్కటే. అప్పుడు రెండో చెయ్యి కూడా వచ్చింది. తిరిగొచ్చిన అగ్రిమెంటు చిత్తు ప్రతిని పక్కన పెట్టుకుని మొదలుపెట్టింది. కొంతసేపటికి సుంకన్నను వాళ్ల కూతురి కాన్పు ఎప్పుడని అడిగింది, కొడుతూనే. అంగడంతా వడగండ్లు పడ్డట్టు చప్పుడు. కాగితం బయటికి రాగానే గుమస్తా తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివాడు. తప్పు వెతకాలని శానా ప్రయత్నం చేశాడు. తలెత్తి, "బాగుందమ్మా" అన్నాడు.

ఖైరూన్‌బీ కాగితాన్ని చూడలేదు. కీబోర్డునూ చూడలేదు. తన రెండు చేతులనూ తిప్పి తిప్పి చూసుకుంది. చూసుకుని కండ్లకద్దుకుంది.

"నా చేతులు బాగుండాయన్నా" అంది నాతో, బాగాలేవని అన్నది నేనే అయినట్టు.